ప్రతి శుక్రవారం వేడినీళ్లకే ఎందుకు?

నేను ఒమన్‌లో ద్రాక్షతోటల ఊళ్లో ఉండేవాణ్ణని చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. గల్ఫ్ అంటే ఇసుక, ఒంటె, పెట్రోలు బావి, ఈ మూడే ఉండాలని మనవాళ్లు ఎప్పుడో తీర్మానించేసుకున్నారు. కానీ తొంభైల మొదట్లో కంపెనీ నన్ను తీసుకెళ్లి పడేసిన ఊరు బర్కా నుంచి లోపలికి, కొండల కింద ఉండేది. ఇళ్ల మధ్యలోంచి సన్నటి కాలవ పారేది. ఇంటింటి ముందూ ద్రాక్షపందిరి. గుత్తులు ఎంత కిందికి వేలాడేవంటే, ఆరడుగుల మనిషి ఆ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే నెత్తి మీద అరకిలో రసం చేరేది. దేవుడు నన్ను పొట్టిగా పుట్టించాడు కాబట్టి పొడిగా బయటపడేవాణ్ణి.

ఊరి పేరు రాయను. అక్కడి పెద్దలు బతికే ఉంటారు, నేను వాళ్ల పందిళ్ల గురించి ఏమేం అనుకున్నానో తెలిస్తే బాగుండదు.

ఏమనుకున్నానంటే, ఇన్ని ద్రాక్షలు ఎక్కడికి పోతున్నాయి? తిన్నన్ని తింటాం, మిగిలినవి ఎండబెడతాం, పైవి పిట్టలకు వదిలేస్తాం అన్నారు. తలూపాను. తలూపడం వేరు, నమ్మడం వేరు. ప్రపంచమంతా ద్రాక్ష పండే ఊళ్లు సాయంత్రానికి తూలుతుంటే, ఈ ఒక్క ఊరు మాత్రం ఎండుద్రాక్ష నములుతూ కూర్చుంటుందా? ఆ పిట్టల్ని కూడా కొన్నాళ్లు గమనించాను. తిన్నగానే ఎగిరేవి.

అనుమానం నా స్వభావం కాదు, నా ఉద్యోగం. సైట్‌లో టైమ్ కీపర్‌ని. ఎవడు ఆలస్యంగా వచ్చాడు, ఎవడు మిక్సర్ చాటున కునుకు తీస్తున్నాడు, ఎవడు పొద్దున్నే కడుపునొప్పి అని మధ్యాహ్నం రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాడు అని కనిపెట్టడానికి నాకు జీతమిచ్చేవారు. అలాంటి మనిషిని తెచ్చి ఒక రూమ్‌లో పడుకోబెడితే అతను రూమ్‌లోనూ డ్యూటీ చేస్తాడు. తప్పేముంది?

రూమ్‌లో మేం ముగ్గురం. నేను కరీంనగర్ వైపు వాణ్ణి. రెండోవాడు డ్రైవర్ భాయ్, కడప మనిషి. కంపెనీ పికప్ అతని చేతిలో ఉండేది, అందువల్ల ఊళ్లో సుల్తాను తర్వాత తానే అన్నట్టు నడిచేవాడు. మూడో ఆయన మేస్త్రి, నిజామాబాద్ వైపు. మేమంతా పెద్దన్న అని పిలిచేవాళ్లం. ప్లాస్టరింగ్‌లో ఆయనంత చెయ్యి నేను చూడలేదు. ఆయన వేసిన గోడకు ఎదురుగా నిలబడి గడ్డం గీసుకోవచ్చు. కానీ నిజామాబాద్ వైపు ఊళ్లో కట్టుకుంటున్న సొంత ఇంటికి మాత్రం పిల్లర్లు లేచి ఆగిపోయాయి. ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తుంటే, పక్కన రేకుల కింద ఆయన భార్య వాటిని చూస్తూ ఉండేది. స్లాబ్ పడాలంటే పెద్దన్న ఇంకో రెండేళ్లు ఇక్కడ ఉండాలి. ఉండాలంటే ఆ ఏడాది బతాకా కొత్తది కావాలి. బతాకా అంటే ప్రతి కూలీ జేబులో పెట్టుకు తిరిగే కార్డు. అది పోతే మనిషి పోయినట్టే. కొత్తది రావాలంటే బౌషర్ దవాఖానకు వెళ్లి మెడికల్ చేయించుకోవాలి. అక్కడ రెండే మాటలు, ఫిట్, అన్‌ఫిట్. రెండోది పడితే విమానమే.

ఇక మా కింద అద్దెకున్న దుకాణంలో హైదరాబాదు పాతబస్తీ టైలర్ సాబ్ ఉండేవాడు. రూమ్ మనిషి కాకపోయినా భోజనం మాతోనే, మాటలు మాతోనే.

గురువారం డ్యూటీ అయ్యాక మా రూమ్‌లో పార్లమెంటు కూర్చునేది. ఎజెండా ఒకటే. రేపు శుక్రవారం ఎక్కడికి? రేషన్ తేవడానికి పికప్ వాడుకోమని కంపెనీ ఒప్పుకుంది. ఉల్లిగడ్డలు తేవడానికి అయిదు నిమిషాలు చాలు, మిగతా రోజంతా మాది. బర్కా సముద్రం ఉంది, అక్కడ చేపలు మన మొహం చూసి ఒడ్డుకు వచ్చేవి. అల్ హైల్‌లో మా జిల్లా వాళ్ల రూములున్నాయి, వెళ్తే మటన్ వండకుండా పంపరు. బౌషర్‌లో ఇసుక గుట్టలున్నాయి, ఇళ్ల మధ్యలో ఎవరో లారీలతో తెచ్చి కుమ్మరించినట్టు ఉంటాయి, పైనుంచి దొర్లుకుంటూ వస్తే జన్మలన్నీ గుర్తొస్తాయి. నఖల్ దగ్గర కొండ కింద వేడినీళ్ల ఊట ఉంది. చేతులెత్తి ఓటు వేసేవాళ్లం. భాయ్ ఎత్తేది ఒక చెయ్యే అయినా ఓట్లు రెండు, స్టీరింగ్ అతనిది గనక.

పెద్దన్న మొదట్నుంచీ సముద్రం పార్టీ. బర్కా అంటే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని పికప్‌లో ముందే కూర్చునేవాడు. అలాంటి మనిషి ఒక గురువారం చెయ్యెత్తి, "ఊటకు పోదాం తియ్యుండ్రి. వేడినీళ్లు పానానికి మంచిగుంటయి," అన్నాడు.

సరే అనుకున్నాం. మళ్లీ గురువారం మళ్లీ ఊట. మరో గురువారం కూడా ఊటే.

"పెద్దన్నా, ఒక్కసారి బౌషర్ పోదామే. ఇసుకల దొర్లి ఎన్నాళ్లాయె," అన్నాను.

ఆయన ముఖం తిప్పుకున్నాడు. "బౌషర్ పేరెత్తకు తమ్మీ. ఇసుకల దొర్లనీకి మనమేమన్న గాడిదలమా?"

"మొన్నటేడు మూడు సార్లు దొర్లినవ్ కదనే."

"అప్పుడు గాడిదనే. ఇప్పుడు కాదు."

భాయ్ వెంటనే అందుకున్నాడు. "పెద్దాయన మాట తీసేస్తే యట్ల సారూ? ఊటకే పోదాం. నా రెండు ఓట్లూ దానికే."

నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. అల్ హైల్‌లో మటన్ ఉడుకుతుంటే వదులుకుని ఉడుకునీళ్లకు ఓటు వేసే డ్రైవర్‌ని ఈ భూమి మీద ఎవరైనా చూశారా?

అక్కణ్ణుంచి నేను డ్యూటీ ఎక్కాను. ప్రతి శుక్రవారం ఊటకు వెళ్లే దారిలో, ఊరు దాటగానే, ఒక ముసలి ఒమనీ తోట వచ్చేది. ద్రాక్షపందిరి కాదది, ద్రాక్ష కోట. దాని దగ్గర భాయ్ బండి ఆపి, "టైరు జూసి వస్తా," అని దిగేవాడు. నాలుగు టైర్లూ బండికే ఉంటే ఇతను తోటలోకి వెళ్లేవాడు. అక్కడ ఏ టైరు పండుతుందో మాకు తెలియదు. పది మాటలు మాట్లాడేంత సేపటికి తిరిగి వచ్చేవాడు, చంకలో గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువుతో. దాన్ని తన సీటు కింద తోసేవాడు. పిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినంత మెల్లగా.

"ఏందది భాయ్?"

"జాకీ."

జాకీని గుడ్డలో చుట్టి ముద్దు చేసేవాణ్ణి నేను మొదటిసారి చూశాను.

ఇంకో రోజు మధ్యాహ్నం డ్యూటీ బ్రేక్‌లో రూమ్‌కి వచ్చి తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్నాను. లోపలినుంచి భాయ్ గొంతు వినిపించింది. గుసగుసే, కానీ కడపవాళ్ల గుసగుస పక్క తాలూకాకు వినిపిస్తుంది.

"పెద్దన్నా, మందు తెచ్చినా. పొద్దున కొంచెం, మాపటికి కొంచెం. ఎవురికీ చెప్పాకు. టైమ్ కీపర్ సారుకు అస్సలే చెప్పాకు."

"వానికెందుకు చెప్త? వాడు ఊరంత చాటుతడు."

మందు! నా గుండె గోడకు తగిలి తిరిగొచ్చింది. తెలుగువాడికి ఆ మాట వినగానే ఏం గుర్తొస్తుందో మీకు చెప్పాలా? పైగా పొద్దున కొంచెం, మాపటికి కొంచెం. అలవాటు ముదిరిన వాళ్ల లెక్క అది. మూడు రుజువులూ నా ఒళ్లో వచ్చి పడ్డాయి. తోటలో ద్రాక్ష, చంకలో సీసా, నోట్లో మందు. ఈ ఊరి ద్రాక్షలన్నీ ఎక్కడికి పోతున్నాయో నాకు తెలిసిపోయింది. మా రూమ్‌కి వస్తున్నాయి.

ఆ తర్వాత చూస్తే ప్రతిదీ సాక్ష్యమే. పెద్దన్న సాయంత్రం దుప్పటి అడ్డం కట్టుకుని ఏదో గుటకేసేవాడు. గుటకేసి ముఖం ముడుచుకుని "ఆహ్" అనేవాడు. కళ్లు ఎర్రబడేవి. దగ్గేవాడు. ఘాటు సరుకు గొంతు దిగితే దగ్గు రాదా మరి? లవంగాల వాసన వచ్చేది. వాసన కప్పెయ్యడానికి లవంగం నమలడం నాకు తెలియని విద్యేం కాదు, మా మామ ముప్పై ఏళ్లు నమిలాడు. ఒకరోజు ఆయన తువ్వాలు మీద ఎర్రటి మరక కనిపించింది. ద్రాక్షరసం రంగే, ముదురెరుపు.

నాకు కోపం భాయ్ మీద. తాగేవాడు తాగుతాడు, పట్టుబడితే పోయేది ఎవరు? మనలాంటి వాళ్ల దగ్గర సీసా దొరికితే మాటల్లేవు, జైలు, తర్వాత విమానం. పెద్దన్న మెడికల్ దగ్గర పడుతోంది. ఈ సమయంలో ఆయన చేతికి సీసా ఇవ్వడమంటే స్లాబ్ పడని ఆ ఇంటి చువ్వలు కూడా పీకినట్టే. ఆయన్ని కాపాడే బాధ్యత నామీద పడింది. ఎవరు వేశారంటారా? ఎవరూ వెయ్యకపోతే ఏం, బరువు బరువే కదా.

కానీ కేసు బలంగా ఉండాలి. ఇద్దరూ డ్యూటీలో ఉన్నప్పుడు పెద్దన్న మంచం కింద చెయ్యి పెట్టాను. దొరికింది. గోధుమరంగు సీసా, బిగుతైన మూత, పైన తెల్లటి పట్టీ అతికించి ఎవరో పెన్నుతో అరబ్బీలో రాశారు. సీసా లుంగీలో దాచుకుని కిందికి దిగాను. టైలర్ సాబ్‌కి ఉర్దూ చదవడం వచ్చు. అరబ్బీ అక్షరాలూ అవే కదా, చదివేస్తాడు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, సీసాను వెలుతురులోకి ఎత్తి, పెదాలు కదిపాడు.

"షీన్, రే, అలిఫ్, బే..." ఆయన గొంతు పడిపోయింది. "అరె మియా. శరాబ్!"

"నిజంగనా సాబ్?"

"బచ్‌పన్ సే పఢ్ రహా హూఁ భాయ్, ఇంత చిన్న లఫ్జ్ నాకు రాదా? సాఫ్ సాఫ్ రాసి ఉంది. శరాబ్!"

"రెండో మాటేంది?"

ఆయన మళ్లీ పెదాలు కదిపాడు. "రే, మీమ్... రమ్." నావైపు చూశాడు. నేనూ ఆయన వైపు చూశాను. "రమ్... ఆన్. 'ఆన్' ఏందో నాకు ఎరక లేదు. మగర్ రమ్ తో హై."

శరాబ్, అందులోనూ రమ్! ద్రాక్షతో రమ్ కాస్తారా అని నాకు ఒక చిన్న సందేహం వచ్చింది. కానీ అంతటి ముసలాయన, అంతటి తోట, ఏదైనా కాయగలడు. పైగా సీసా మీద పేరు రాసి మరీ అమ్ముతున్నాడంటే ఎంత ధైర్యం!

"మూత తీసి చూద్దమా సాబ్?"

"నక్కో! నక్కో బాబా! నా దుకాణ్‌లో వాసన కూడా నక్కో. కస్టమర్ల కపడాలున్నయి."

సీసా తీసుకెళ్లి యథాస్థానంలో పెట్టాను. చెప్పి మాన్పించడం అయ్యే పని కాదు, చెబితే సీసా మంచం మారుతుంది. నా పథకం వేరు.

మెడికల్‌కి ముందు ఆఖరి శుక్రవారం వచ్చింది. గురువారం పార్లమెంటులో నేనే చెయ్యెత్తాను. "ఊటకు పోదాం!" భాయ్, పెద్దన్న ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజు వాళ్లకి నామీద అనుమానం వచ్చింది. అనుమానం ఎంత హాయిగా ఉంటుందో వాళ్లకీ తెలియాలి కదా.

టైలర్ సాబ్ కూడా వచ్చాడు, సాక్షిగా. తోట దగ్గర భాయ్ 'టైరు' చూసి, కొత్త సీసా చంకన పెట్టుకుని వచ్చాడు. ఊట దగ్గర పెద్దన్న అరుగు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, ముఖం ఆవిరి మీదికి వంచి, కళ్లు మూసుకున్నాడు. ఆ నీళ్ల వేడి ఎంతంటే గుడ్డు వేస్తే ఉడకడమే కాదు, పెంకు కూడా వలుచుకునేది. భాయ్ నమాజుకి వెళ్లాడు. టైలర్ సాబ్ కూడా అతని వెనకే వెళ్లాడు, వెళ్తూ నాకు కన్ను గీటాడు.

పికప్ తలుపు తీసి, సీటు కింద సీసా లాగి, కాలవ గట్టు మీద ఇసుకలో గబగబా ఒంపేశాను. ఎర్రగా, చిక్కగా పారింది. రెండు క్షణాల్లో చీమలు బారులు కట్టాయి. ఈ దేశంలో చీమలకి కూడా అలవాటుందా అనుకున్నాను. ఖాళీ సీసా ఉంచితే అనుమానం వస్తుంది గనక మా ఫ్లాస్కులోని పాలు లేని చాయ్ అందులో నింపి, మూత బిగించి, గుడ్డ చుట్టి పెట్టేశాను. రంగు కూడా కలిసింది. అంత నేర్పుగా చేసిన పని నా జీవితంలో మరొకటి లేదు, నా పెళ్లితో సహా.

తిరుగు దారిలో సాయంత్రపు ఎండ. ముందు భాయ్, పెద్దన్న. వెనక తొట్టిలో నేను, టైలర్ సాబ్, ఉల్లిగడ్డల బస్తా. మలుపు తిరగగానే రోడ్డు మీద పోలీసు చెకింగ్.

నేను లోపల్లోపల పొంగిపోయాను. చూశారా! నేను లేకపోతే ఇవాళ ఏమయ్యేది?

చిన్న వయసు పోలీసు, ముఖం మీద నవ్వు. బతాకాలు అడిగి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దన్నకు దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, పికప్ ఇంజిన్ ఆపినా బండి ఊగుతూనే ఉంది. దగ్గుతూనే సీటు కింద చెయ్యి పెట్టి, సీసా తీసి, మూత తిప్పి ఒక్క గుక్క తాగాడు. తాగి, కిటికీలోంచి ఫూమని ఉమ్మేశాడు.

"ఏందిరా ఇది! ఇది చాయ్‌రా!"

పోలీసు సీసా అందుకున్నాడు. పట్టీ మీద రాత చదివాడు. "శరాబ్..." అని ఇంకా నోట్లోనే ఉంది, నేను వెనకనుంచి రెండు చేతులూ ఎత్తి లేచి నిలబడ్డాను. 'లేదు' అనడానికి నాకొచ్చిన గల్ఫ్ అరబ్బీ 'మాఫీ' ఒక్కటే.

"మాఫీ శరాబ్! సర్, మాఫీ శరాబ్! ఓన్లీ చాయ్! వల్లా, చాయ్!"

టైలర్ సాబ్ ఉల్లిగడ్డల బస్తా వెనక్కి దిగిపోయాడు. ఆయన తల, ఉల్లిగడ్డలు ఒకే రంగులో కనిపించాయి.

పోలీసు సీసా వాసన చూశాడు. మళ్లీ పట్టీ చూశాడు. మళ్లీ వాసన చూశాడు. నాకంటే అనుమానం మనిషిని నేను అప్పుడే చూశాను. అతనికి హిందీ బాగా వచ్చు.

"ఇందులో చాయ్ ఉంది. కానీ రాసింది శరాబ్ రుమ్మాన్. మరి రుమ్మాన్ ఏది?"

"రమ్ లేదు సర్! పారబోసినం సర్!"

"రమ్ ఎవడడిగాడు? రుమ్మాన్. అనార్! శరాబ్ అంటే షర్బత్. మందుల షాపులో దగ్గు సీసాల మీద కూడా అదే రాస్తారు. కొండ మీది దానిమ్మ షర్బత్ పారబోసి చాయ్ పోశారా?" అతను పక్కనున్న పోలీసుని పిలిచి ఏదో చెప్పాడు. ఇద్దరూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. తర్వాత పెద్దన్న వైపు చూసి నవ్వు ఆపాడు. "ఈయన్ని డాక్టరుకి చూపించండి," అని బతాకాలు తిరిగిచ్చేశాడు.

చెకింగ్ దాటాక భాయ్ రోడ్డు పక్కన బండి ఆపి దిగాడు.

"నీ అనుమానం పాడుగాను సారూ! పెద్దాయన మందు కదప్పా అది! దగ్గు మందు! తోట ముసలాయన ఇంట్లో దానిమ్మ, లవంగం, తేనె ఏసి కాసిచ్చినాడు. ఇంగ లేదు, ఇదే కడాకరిది అని చేతిలో పెట్టినాడు."

"మందు అంటే నేనేమనుకోవాలె?"

"మందంటే మందనుకోవాల!"

"తెలుగుల అట్ల అనుకునేటోడు ఎవడన్నున్నడా?"

ఉల్లిగడ్డల వెనకనుంచి టైలర్ సాబ్ గొంతు వచ్చింది. "లఫ్జ్ మాత్రం నేను సహీ పఢా. మతలబ్ కా మై జిమ్మేదార్ నై."

పెద్దన్న కిందికి దిగి, బండి నీడలో గొంతుక్కూర్చున్నాడు. 

"రెండు నెలల సంది దగ్గుతున్న తమ్మీ. నీకు తెలిస్తే సైట్‌ల తెలుస్తది. సైట్‌ల తెలిస్తే డాక్టర్ కాడికి తోల్తరు. ఛాతి ఫోటోల మచ్చ కనబడిందనుకో, అన్‌ఫిట్. మా దిక్కోడు ఒకడు పోయిండు గట్లనే. మెడికల్ నాటికి దగ్గు తగ్గాల్నని గీ ఆవిరి, గీ మందు." దగ్గు వచ్చి ఆగాడు. "సముద్రం గాలి పడ్తలేదు. బౌషర్ పోతే ఆ దవాఖాన కనబడ్తది. గుండె దడదడ అంటది. గందుకే."

అప్పుడు నాకు అర్థమైంది, ఇన్ని వారాలుగా నేను తప్పు కేసులో సరైన సాక్ష్యాలు పోగేశానని. ఊట, ఓటు, దుప్పటి, ఎర్ర కళ్లు, లవంగం, అన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఒక్కటి తప్ప. తువ్వాలు మీద మరక. అది దానిమ్మదేనా? సీసా నుంచి తాగేవాడికి తువ్వాలు మీద ఎందుకు పడుతుంది? దగ్గేటప్పుడు ఆయన మూతికి అడ్డం పెట్టుకునేది ఆ తువ్వాలే. అడుగుదామని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి నా అనుమానం చూసి నాకే భయమేసి నోరు మూసుకున్నాను.

మెడికల్ దాకా ఆ కొన్ని రోజులూ నేను ఆ తువ్వాలు తప్ప మరేం చూడలేదు. సైట్‌లో ఎవడు ఎప్పుడొచ్చాడో ఎవడికీ తెలియదు. మిక్సర్ చాటున పడుకున్నవాళ్లు తృప్తిగా పడుకున్నారు. పెద్దన్న బట్టలు ఆరేస్తే నేను దండెం కింద అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఆయన దగ్గితే భాయ్ టేప్ రికార్డర్ సౌండ్ పెంచేవాడు, ఫోర్‌మన్‌కి వినిపించకుండా. టైలర్ సాబ్ ఆయన బనీను లోపల తావీజు ఒకటి కుట్టి ఇచ్చాడు. నేను రోజూ పొద్దున్నే చాయ్‌లో లవంగం, అల్లం, దొరికిన తేనె అంతా వేసి కాచి, అదే గోధుమరంగు సీసాలో పోసి పెట్టేవాణ్ణి. పెద్దన్న దాన్ని పట్టీ వైపు చూస్తూ తాగేవాడు.

"శరాబ్ మంచిగున్నది తమ్మీ. ఘాటున్నది."

మెడికల్ రోజు భాయ్ ఆయన్ని బౌషర్ తీసుకెళ్లాడు. నాకు సెలవు లేదు, అయినా వెళ్లాను. ఆ రోజు టైమ్ కీపర్ వచ్చాడా లేదా అని రాసేవాడు ఎవడున్నాడు? దవాఖాన బయట పికప్ నీడలో నేనూ భాయ్ కూర్చున్నాం. భాయ్ స్టీరింగ్ తుడిచాడు. అద్దాలు తుడిచాడు. టైర్లు తుడిచాడు. తుడవడానికి ఏమీ మిగలక నా చెప్పులు అడిగాడు.

"సారూ, ల్యాదంటే ఏం చెబుదాం పెద్దాయనకి?"

"అననియ్యి ముందు."

లోపల డాక్టరు ఆయన ఛాతీ ఫోటోని చాలాసేపు చూశాడని తర్వాత చెప్పాడు పెద్దన్న. ఎన్నేళ్లుగా సిమెంటు పని చేస్తున్నావని అడిగాడట. ముక్కుకి గుడ్డ కట్టుకుంటావా అని అడిగాడట. అది ముక్కు కాదు, సిమెంటు గోడౌన్ అన్నాడట. ఒక సీసా రాసిచ్చాడు. రిజల్టుకి మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లి, మళ్లీ కూర్చుని, భాయ్ మళ్లీ టైర్లు తుడిచాడు. ఆ టైర్లంత మెరిసే టైర్లు ఒమన్‌లో మంత్రులకి కూడా లేవు.

పెద్దన్న మెట్లు దిగి వస్తుంటే ముఖం చూసి ఏమీ తెలియలేదు. ప్లాస్టరింగ్ మేస్త్రి ముఖం, గీత కూడా పడదు. మా దగ్గరకు వచ్చి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఫిట్," అన్నాడు. పికప్ తలుపు తీస్తూ, "స్లాబ్ పడ్తది," అన్నాడు.

భాయ్ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. లోపలి రోగులంతా కిటికీల్లోకి వచ్చారు.

డాక్టరు రాసిచ్చిన కొత్త సీసా టైలర్ సాబ్ చేతికిచ్చాం. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "శరాబ్!" సీసా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇస్ బార్ రమ్ లేదు మియా. ఖాలీ శరాబ్."

దగ్గు ఎలా తగ్గిందో ఇప్పటికీ తేలలేదు. ముసలాయన దానిమ్మ అంటాడు పెద్దన్న, ఊట ఆవిరి అంటాడు భాయ్. నా చాయ్ గురించి ఎవరూ మాట్లాడరు. దీని వెనక ఏదో కుట్ర ఉంది.

ఆ గురువారం పార్లమెంటులో పెద్దన్న చెయ్యి అందరికంటే ముందు లేచింది.

"బౌషర్. ఇసుక."

వెళ్లాం. ముక్కుకి గుడ్డ కట్టుకుని గుట్ట ఎక్కాడు. యాభై దాటిన మనిషి, పైన నిలబడి దవాఖాన ఉన్న వైపు చూసి లుంగీ మడిచాడు. "చూస్కోండ్రి గాడిదను!" అని అరిచి దొర్లాడు. ఆయనతో పాటు గుట్టలో సగం కిందికి వచ్చింది. మా కాళ్ల దగ్గర ఆగి, వెల్లకిలా పడుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు.

నేనూ, భాయ్, టైలర్ సాబ్ ఒక్కసారే అటు తిరిగాం.

"ఇసుకరా! ఇసుక పోయింది నోట్లకు," అన్నాడు, లేచి చేత్తో మూతి తుడుచుకుంటూ.

దొర్లే ముందు ఆయన భాయ్ భుజాన వేసిపోయిన తువ్వాలు వైపు చూశాను. తెల్లగా ఉంది. మరక లేదు, మచ్చ లేదు, ముడత కూడా లేదు. అంత తెల్లటి తువ్వాలు ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు. ఆ పాతది ఏమైనట్టు?